ఒక్క మొద్దు తక్కువ

అది కాదండీ, మీరే చెప్పండి. ఒక మనిషి తన తోటలో తన చెట్టు కొట్టి, తన చావుకు తాను కట్టెలు పేర్చుకుంటే ఊరికేం నొప్పి? అందులోనూ ఆ కట్టెలు ఒక్కసారన్నా ఆయనకు దక్కకుండా ఊరే మోసుకుపోతుంటే? ఏ నొప్పీ లేదనే మీరంటారు. మొగలికండ్రిగకు వచ్చి ఆ మాట అనండి చూద్దాం. దోసెలు పోసుకునే ఆడమనిషి కూడా పెనం దించి వచ్చి మీకు నచ్చజెబుతుంది, ముత్యాలయ్య ఆ ఆఖరి మొద్దు ఎందుకు పెట్టకూడదో.

మొగలికండ్రిగ చిల్లకూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో, బస్సు వెనక్కి తిరిగే చోట ఉంటుంది. పొద్దున్నే మబ్బు లేకపోతే ఉత్తరాన కృష్ణపట్నం పొగగొట్టాలు కనబడతాయి. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక నేలలో ముత్యాలయ్యకు రెండున్నర ఎకరాల సవకతోట ఉంది. సరుగుడునే అక్కడ సవక అంటారు. చుట్టుపక్కల వాళ్ళంతా నాలుగేళ్ళకోసారి తోటను మొదలంటా నరికించి కాగితం మిల్లు లారీలకు ఎత్తించేస్తారు. ముత్యాలయ్య ఎత్తించడు. "లారీ ఎక్కిన చెట్టు ఏమైపోద్దో మనకు తెలీదు గదా" అంటాడు. ఆయన చెట్లు ముదిరి, లావెక్కి, సముద్రపు గాలికి రోజంతా హోరుమంటుంటాయి. నడిమధ్య పెంకుటిల్లు. అందులో ముత్యాలయ్య, ఆయన భార్య నాగులమ్మ.

అరవై తొమ్మిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, నెత్తిన తువ్వాలుతో దూరంనుంచి చూస్తే ఆయనా ఒక సవక చెట్టులాగే ఉంటాడు. పొద్దున లేచి టీ తాగడం, కొడవలి పట్టుకోవడం, దోవల్లోకి పోవడం. ఇదీ ఆయన ఉద్యోగం. తోటలో దోవలు నాలుగు. ఒకటి బోరింగు కాడికి, ఒకటి తారురోడ్డుకు, ఒకటి సముద్రానికి, ఒకటి వల్లకాటికి. రాలిన సవక ఆకు ఊడ్చాలి, లేకపోతే కాలు జారుతుంది. తుమ్మమొలక కనబడితే పెరికేయాలి, లేకపోతే వారానికి కంపవుతుంది. మొదటి మూడు దోవలూ ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు పక్కకు తిరిగి నిలబడాలి. నాలుగోది మాత్రం నలుగురు పక్కపక్కన నడిచినా భుజానికి భుజం తగలదు. అంత శుభ్రంగా ఊళ్ళో సిమెంటు రోడ్డు కూడా ఉండదు.

దీంతో ఒక చిక్కొచ్చింది. ఆ దోవ రెండో కొస బస్సు ఆగే చోట తేలుతుంది, కొత్తగా వచ్చినవాళ్ళకు విశాలమైన దోవే ఇంటికి పోయే దోవ అనిపిస్తుంది గదా. ఓటర్ల లిస్టు రాసుకునే పంతులమ్మ, కరెంటు మీటరు మనిషి, నాగులమ్మ చెల్లెలి కొత్త వియ్యపురాలు, అందరూ ముచ్చటపడుతూ ఆ దోవన నడిచి నడిచి వల్లకాట్లో తేలారు. "మనింటికి రావాలంటే ముందు వల్లకాటికి పోయి రావాల గదా" అని నాగులమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ దోవ అంత వెడల్పు ఎందుకయిందంటే, ముత్యాలయ్య వాళ్ళ నాయన పోయింది తుపాను రోజుల్లో. అప్పుడు దోవ సన్నది. పాడె రెండుసార్లు కంపలో ఒరిగింది. నాయన చెయ్యి ఒకటి గుడ్డలోనుంచి బయటికొచ్చి, ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టు ఊగింది. సరే, వల్లకాటికి చేరారు. ఊళ్ళో ఎండు కట్టె అన్నది లేదు. పచ్చి తాటిమొద్దులు వేశారు, పాత తలుపు వేశారు, సైకిలు టైర్లు వేశారు, కిరసనాయిలు పోశారు. మండినట్టే మండి ఆరిపోయేది. మూడో రోజు మేనమామ గొడుగు కింద నిలబడి, "మీ నాయన బతికినన్నాళ్ళూ ఏ పని తొందరగా ముగించినాడు గనక" అన్నాడు. అందరూ నవ్వారు. ముత్యాలయ్యా నవ్వాడు. నవ్వినందుకు ఆయనకు ఇప్పటికీ సిగ్గే.

ఆ రోజే మనసులో గట్టిగా అనుకున్నాడు. తాను పోయేనాటికి దోవ నలుగురు నడిచేంత వెడల్పుండాలి, కట్టె తడితే గలగలమనేంత ఎండి ఉండాలి. ఎవరూ గొడుగు కింద నిలబడి నవ్వకూడదు.

దోవ అయిదారేళ్ళలో తేలిపోయింది. కట్టెల దగ్గరే కథంతా. ఇంటి వెనక రేకుల షెడ్డు వేశాడు. చెదలు పట్టకుండా కింద ఇటుకలు పరిచాడు. లావుపాటి సవక మొద్దులు అడుగున, చీల్చిన పేళ్ళు పైన, సందుల్లో ఎండు కొబ్బరిమట్టలు. పొడుగు సరిపోతుందో లేదో చూద్దామని మొదటి వరస మీద తానే వెల్లకిలా పడుకున్నాడు. నాగులమ్మ చాట చేతిలో పట్టుకుని చూసి, "కాళ్ళు బయటికొస్తుండాయి. ఇంకో జానెడు పొడుగు కొట్టు" అంది. మళ్ళీ కొట్టాడు. అన్నిటికన్నా ఆఖర్న పెట్టేది ఒక బరువైన మొద్దు. అది గుండెల మీద పెట్టేది. అది లేకపోతే మంటకు మనిషి లేస్తాడని భయం. ఆ మొద్దు కోసం తోటలోకల్లా పాత చెట్టు కొట్టి, నున్నగా చెక్కి, ఒక సాయంత్రం పైన పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

మర్నాడు పొద్దున వెంకయ్య వాళ్ళ నాయన పోయాడు.

వెంకయ్య బోరింగు పక్క ఇంటివాడు. అతనింట్లో గ్యాసు. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ గ్యాసే. కట్టె కావాలంటే నాయుడుపేట అడితికి పోవాలి. వెంకయ్య వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు, ఏమీ అడగలేదు. అడగనక్కర్లేదు. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. కాష్టానికి వచ్చినవాడికి కట్టె లేదనకూడదు. ఇచ్చిన కట్టె తిరిగి పుచ్చుకోనూ కూడదు. పుచ్చుకుంటే ఇంకో చావును ఇంటికి పిలుచుకున్నట్టు. ముత్యాలయ్య తలూపాడు. మధ్యాహ్నానికి షెడ్డులో ఇటుకలు మిగిలాయి.

సరే పోనీ అని మళ్ళీ కొట్టాడు. అయిదు నెలలు పట్టింది. శుక్రవారం మొద్దు పెట్టాడు, సోమవారం ఉప్పుకొఠారు సుబ్బమ్మ పోయింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి మొద్దు పెట్టి నాలుగు రోజులకు, నడుం విరిగి మూడేళ్ళుగా మంచంలో ఉన్న పాత మునసబు పోయాడు. ముత్యాలయ్య అయితే, ముసలివాళ్ళ ఊరు, పోతారు మరి, అనుకున్నాడు. అలా అనుకోని మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు సంజీవరావు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. తారీకులు గుర్తుపెట్టుకోవడమే ఆయన బతుకంతా చేసిన పని.

ముత్యాలయ్య నాలుగోసారి కట్టెలు పేర్చి, కొత్త మొద్దు చెక్కి షెడ్డు పక్కన ఉంచాక, ఒక ఆదివారం సంజీవరావు, వెంకయ్య, ఇంకో నలుగురు కలిసి ముత్యాలయ్య ఇంటికొచ్చారు. తారురోడ్డు దోవలో ఒకరి వెనక ఒకరు వరసగా రావలసి వచ్చింది గనక, చివరివాడు చేరేదాకా సంజీవరావు మొదలుపెట్టలేదు.

"ముత్యాలూ, నువ్వు మంచోడివే. నీమీద మాకేం లేదు. నీ మొద్దు మీదే."

"నా మొద్దు ఏం చేసింది సార్?"

"నువ్వది పెట్టిన ప్రతిసారీ వారం తిరక్కుండా ఊళ్ళో ఒకరు పోతుండారు. మూడుసార్లు రాసిపెట్టుకోని చూసినా."

"పోయినోళ్ళంతా ఎనభై దాటినోళ్ళే గదా సార్."

"నాకు డెబ్బై తొమ్మిది" అన్నాడు సంజీవరావు.

ముత్యాలయ్య నెత్తిన తువ్వాలు సర్దుకున్నాడు. జవాబు నాగులమ్మ దగ్గర ఉంది. "అయితే ఈయన పోతే గుండెల మీద ఏం పెట్టాలంట? రుబ్బురోలా?"

"ఆయన పోయినాక మేమే పెడతాం వదినా" అన్నాడు వెంకయ్య. "పోయినాక పెడితే ఎవురికీ ఇబ్బంది లేదు గదా."

చాలాసేపు మాట్లాడారు. చివరికి తేలిందేమంటే, ముత్యాలయ్య ఎన్ని కట్టెలన్నా కొట్టుకోవచ్చు, పేర్చుకోవచ్చు. ఆ ఒక్క మొద్దు మాత్రం పెట్టకూడదు. ఇంకో చిక్కు మిగిలింది. మొద్దు షెడ్డు పక్కనే ఉంటే, ఏదో పరధ్యానంలో ఎత్తి పెట్టేస్తాడేమో. అందుకని ఊళ్ళో ఇంకెవరి ఇంట్లోనైనా ఉంచాలి. ఎవరింట్లో? ఆ ప్రశ్నకు ఆరుగురూ ఆరు చెట్లను చూశారు.

అప్పుడు షెడ్డు వెనక మోటారు రంపానికి ఆయిలు పోస్తున్న దరియావలి తల పైకెత్తాడు. దరియావలిది చెట్లు కోసే పని. ముత్యాలయ్యకు ఇరవై ఏళ్ళ స్నేహం. "నాకియ్యండబ్బా, నా ఆటోలో వేసుకోని పోతా. మాకు కట్టెలతో పనేముంది. మాది మన్ను" అన్నాడు.

అంత న్యాయమైన మాట ఆ పూట ఇంకెవరూ అనలేదు. మొద్దు దరియావలి ట్రాలీ ఆటో ఎక్కింది. ముత్యాలయ్య తారురోడ్డు దాకా దాని వెనకే నడిచాడు.

ఆనాటి నుంచి ఆయన బతుకు ఒకరకంగా మారింది. షెడ్డులో కట్టెలు ఉన్నాయి. నిండుగా ఉన్నాయి. పైన మధ్యలో ఒక మొద్దు పట్టేంత ఖాళీ. రోజూ పొద్దున సంజీవరావు వాకింగు పేరుతో వచ్చి, ఆ ఖాళీలో చెయ్యి పెట్టి చూసి, ఖాళీగానే ఉందని తెలుసుకుని, హాయిగా ఊపిరి పీల్చుకుని పోయేవాడు.

"టీ తాగి పోండి సార్" అనేది నాగులమ్మ.

"వద్దమ్మా, చూసినా, అది చాలు."

ఊరికి భయం తగ్గింది. కానీ భయమన్నది అందరికీ ఒకేరకంగా ఉండదు గదా. ఒకరోజు స్వర్ణ వచ్చింది. స్వర్ణ భర్త పెంచల్ కృష్ణపట్నంలో కంపెనీ వ్యాను తోలుతాడు. అతని తల్లి ఉగాది నుంచి మంచంలో ఉంది. స్వర్ణ చంకలో నాటుకోడి.

"మామా, ఒక్క మాట. వలీ అన్నను అడిగి ఆ మొద్దు తెచ్చి, ఒక్కదినం పెట్టి, మళ్ళీ తీసెయ్యవా?"

ముత్యాలయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "తప్పు గదమ్మా."

"తప్పే మామా. నాకు తెలవదా? దినానికి నాలుగుసార్లు అన్నం అడుగుతుంది. వాళ్ళ కొడుకు వ్యానెక్కి పోతాడు, నేను గదా ఎత్తేది దించేది. దానికీ నొప్పే, నాకూ నొప్పే. ఒక్కదినం. నేను ఎవురితోనూ చెప్పను."

"అట్టాంటి పనికి అది పనిచెయ్యదమ్మా. అది ఉత్త మొద్దు."

"మరి ఊరంతా ఎందుకు భయపడతా ఉండారు?" అంది స్వర్ణ. కోడిని గుంజకు కట్టేసి పోయింది.

ఆ మధ్యాహ్నమే చేపల బుట్ట మనిషి ఒక ఆకు పొట్లం తెచ్చి ఇచ్చింది. లోపల రొయ్యలు. "పెంచల్ వాళ్ళమ్మ పంపించింది. కోడి తిన్నా సరే గానీ మొద్దు మాత్రం పెట్టొద్దని చెప్పమన్నాది" అంది. మంచంలో ఉన్నా ఆమెకు ఊళ్ళో సంగతులన్నీ తెలుసు. ఆ వారం నాగులమ్మ కూరకు వెతుక్కోలేదు. కోడినీ, రొయ్యల్నీ ముత్యాలయ్య ఒకే మనసుతో తిన్నాడు.

ఇలా ఉండగా ఫాల్గుణంలో సంజీవరావు పొద్దున పూట చూపు చూసి తిరిగి పోతూ, సవక ఆకు మీద కాలు జారి పడ్డాడు. మడమ బెణికి గుమ్మడికాయంత అయింది. నిలబడలేడు. తారురోడ్డు దోవ ఇరుకు, ఎత్తుకుపోవడానికి కుదరదు. ఎత్తుకుపోవడానికి పనికొచ్చే దోవ ఒకటే ఉంది. అది వల్లకాటి మీదుగా తిరిగి బస్సు ఆగే చోట తారురోడ్డులో కలుస్తుంది.

ముత్యాలయ్య వెదురు నిచ్చెన తెచ్చాడు. దాని మీద గోతం పరిచారు. సంజీవరావును పడుకోబెట్టారు. ఎండ మొహాన కొడుతుందని నాగులమ్మ తెల్ల తువ్వాలు కప్పింది. ముత్యాలయ్య, దరియావలి ముందు పట్టారు. వెంకయ్య, సెలవులో ఉన్న పెంచల్ వెనక పట్టారు.

"అదరకుండా పట్టుకోండబ్బా" అన్నాడు సంజీవరావు తువ్వాలు కిందనుంచి.

"మీరు మాట్లాడబాకండి సార్, బరువు మారతా ఉంది" అన్నాడు వెంకయ్య.

నిజం చెప్పాలంటే ఆ రోజు ముత్యాలయ్య ఉన్నంత సంతోషంగా ఇంకెప్పుడూ లేడు. ఎన్నేళ్ళుగానో చేసిన దోవ. దాని మీద ఒక నిచ్చెన పోవడం మొదటిసారి పట్టి చూస్తున్నాడు. మిగతా చావులకు ఆయన కట్టెల వెంట ఉండేవాడు, పాడె పట్టే పని తగల్లేదు. నలుగురూ ఇద్దరిద్దరుగా పక్కపక్కన నడిచినా ఒక్క ముల్లు గీరలేదు. ఒక్క వేరు అడ్డం రాలేదు. ఒకే ఒక్కచోట, జీడిమామిడి మలుపులో, ఒక కొమ్మ దోవ మీదికి వంగి ఉంది. నలుగురూ మెడలు వంచారు. పడుకున్న మనిషి ఎక్కడికి వంగుతాడు? కొమ్మ ఆయన మీదుగా ఈడ్చుకుపోయి, పూత అంతా గుండెల మీద రాలింది.

"సార్, యాడన్నా కుదుపొచ్చిందా?" అని అడిగాడు ముత్యాలయ్య.

"మలుపు కాడ మొహానికి కొమ్మ తగిలింది."

"అది కొట్టేస్తా సార్. ఇంకేమన్నా?"

"ఇంకేం లేదు. మెత్తగా ఉండాది" అని ఒప్పుకున్నాడు సంజీవరావు.

వల్లకాడు దాటి తారురోడ్డు ఎక్కేసరికి చిల్లకూరు బస్సు ఆగి ఉంది. జనం దిగుతున్నారు. తెల్లగుడ్డ కప్పిన నిచ్చెన, మీద పూలు, నలుగురు మోసేవాళ్ళు. అందరూ పక్కకు జరిగి చేతులు జోడించారు. సంతనుంచి వస్తున్న ఒక ముసలామె సంచిలోనుంచి గుప్పెడు బొరుగులు తీసి, శవం మీద చల్లినట్టు చల్లింది. మొహం మీద బొరుగులు పడేసరికి సంజీవరావు తువ్వాలు లాగేసి లేచి కూర్చున్నాడు.

"ఎవురే అది, నా మీద బొరుగులు చల్లింది?"

తర్వాత జరిగింది ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ముసలామె సంచి వదిలేసి ఎక్కడిదాకా పరుగెత్తిందో తెలియదు. బస్సు మాత్రం ఎక్కవలసిన వాళ్ళను ఎక్కించుకోకుండానే పోయింది. సంజీవరావు భార్య ఏడుస్తూ వచ్చి, ఆయన కూర్చుని బొరుగులు దులుపుకుంటుంటే చూసి, ఇంకా గట్టిగా ఏడ్చింది.

వింత ఏమంటే, ఆ దెబ్బతో సంజీవరావుకు భయం పోయింది. కట్టుకట్టిన కాలు కుర్చీ మీద పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "నేను పోయొచ్చేసినా. ఆ దోవన పోయినా, బొరుగులు పడినాయి, పూలు పడినాయి, పెండ్లాం ఏడ్చింది. ఇంకేముంది మిగిలింది? నా వంతు అయిపోయింది."

భయం ముత్యాలయ్యను పట్టుకుంది. వేసవి ముగిసే రోజుల్లో ఒక తుమ్మమొలక పెరుకుతుండగా ఎడమ రొమ్ములో ఎవరో చీల దిగ్గొట్టినట్టయింది. దోవలోనే కూలబడ్డాడు. నెల్లూరు తీసుకుపోయారు. గుండె డాక్టరు సినిమాలాంటిది తీసి చూసి, రెండు చోట్ల మూసుకుపోయిందన్నాడు. మాత్రలు రాశాడు. "గొడ్డలి ముట్టుకోవద్దు" అన్నాడు.

బస్సులో తిరిగొస్తూ ముత్యాలయ్య కిటికీలోనుంచి ఒకటే చూస్తున్నాడు. నాగులమ్మ మాత్రల సంచి ఒళ్ళో పెట్టుకుని, "ఏందయ్యా ఆలోచన?" అంది.

"మొద్దు వలీ ఇంట్లో ఉండాది."

"ఉంటే?"

"నేను కార్తీకంలో పోయినాననుకో. వాన. వలీ ఆటో ఇసకలో దిగబడుద్ది. మొద్దు రాదు. తాటిమొద్దు యాడన్నా ఉందా అని ఎవుడో అంటాడు. ఎవుడో నవ్వుతాడు."

నాగులమ్మ మాత్రల సంచి మూతి ముడేసింది. "ఆయన్ని అడుగుదాం పా, ఆ పోస్టాఫీసాయన్ని" అంది.

సంజీవరావు ఇప్పుడు వేరే మనిషి గదా. విని, వెంటనే కాగితం తెప్పించుకుని రాసిచ్చేశాడు. "ముత్యాలయ్య తన మొద్దు తాను పెట్టుకొనుటకు నాకు ఏ విధమైన అభ్యంతరమూ లేదు" అని రాసి, తారీకు వేసి, సంతకం కింద రెండు గీతలు గీశాడు. మిగతా అయిదుగురూ ఆయన సంతకం చూసి నోరెత్తలేకపోయారు. కాగితం జేబులో పెట్టుకుని ముత్యాలయ్య దరియావలి ఇంటికి నడిచాడు.

దరియావలి లేడు. ఆయన భార్య జమాల్‌బీ ఇంటి ముందు కూర్చుని మాంసం కొడుతోంది. కత్తి లేస్తోంది, పడుతోంది. దాని కింద, నడిమధ్య గుంట పడి, నూనె తాగి నల్లగా మెరుస్తూ, ముత్యాలయ్య గుండెల మీద పెట్టుకోవలసిన మొద్దు.

"చెల్లీ! అది నా మొద్దు."

"అవునన్నా. ఎంత బాగుండాదో. ఒక్క పేడు లేచి రాలా. మా అత్తగారి చింతమొద్దు కూడా ఇంత కుదురుగా ఉండదు."

"నాకది కావాల తల్లీ. రాసిచ్చినారు. చూడు."

జమాల్‌బీ కాగితం చూడలేదు, చేతులు తడిగా ఉన్నాయి. "ఇస్తా, నీదే గదా. అయినా దీని మీద ఇంత మాంసం కొట్టినాక నీ కాష్టం మీద పెట్టొచ్చా?"

ముత్యాలయ్య నిజాయితీగా ఆలోచించాడు. "నేను జన్మంతా తిన్నది అదే గదా" అన్నాడు.

"అయితే ఒక పని చెయ్యన్నా. నాకు ఇట్టాంటిదే ఇంకోటి కోసి తెచ్చియ్యి. ఇది నువ్వు తీసుకో. మొద్దు లేకపోతే పండగకు నేను దేనిమీద కొట్టాల?"

న్యాయమే. ముత్యాలయ్య ఇంటికొచ్చి చెట్టు చూసుకున్నాడు. నాగులమ్మ గుమ్మంలో నిలబడి, "డాక్టరు గొడ్డలి ముట్టుకోవద్దన్నాడు" అని అరిచింది.

"రంపం ముట్టుకోవద్దని అనలా గదే."

దరియావలి మోటారు రంపం తెస్తానన్నా వినలేదు. ఆ మొద్దుకు బదులు మొద్దు తన చేత్తోనే కోయాలని పట్టు. చేతిరంపంతో కోశాడు. పది లాగులు లాగడం, కూర్చోవడం, నీళ్ళు తాగడం. కూర్చున్నప్పుడల్లా దోవ చూసేవాడు. దోవ చూస్తే సంజీవరావు చెప్పిన కొమ్మ గుర్తొచ్చేది. రెండో రోజు చెట్టు వదిలేసి ముందు ఆ జీడిమామిడి కొమ్మ కోసేశాడు. మూడో రోజుకు మొద్దు తెగింది. నాలుగో రోజు పొద్దున దాన్ని భుజానికెత్తుకుని, ఎత్తుకోవద్దని నాగులమ్మ అంటున్నా వినకుండా, బరువుతో ఇరుకు దోవలో పోలేక పెద్ద దోవ పట్టాడు. మలుపు దగ్గరికి చేరాడో లేదో ఎదురుగా పెంచల్ వస్తున్నాడు. చెప్పుల్లేవు. మొహం చూడగానే ముత్యాలయ్యకు తెలిసింది.

"అమ్మ పోయింది పెదనాయనా. టీ అడిగింది, స్వర్ణ తెచ్చేలోపల..."

ముత్యాలయ్య భుజం మీది మొద్దును అక్కడే, మలుపు పక్కన దించాడు. పెంచల్ చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ షెడ్డు వైపు నడిచారు. అడగనక్కర్లేదు, చెప్పనక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం పాడె ఆ దోవన పోయింది. స్వర్ణ అందరికన్నా ముందు నడుస్తూ, అందరికన్నా ఎక్కువ ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. "మొద్దు పెట్టకపోయినా పోతివే అత్తా" అని రొమ్ము కొట్టుకుంది. ముత్యాలయ్య మలుపు దగ్గర పక్కకు నిలబడి చూశాడు. నలుగురూ ఇద్దరిద్దరుగా పక్కపక్కన వచ్చారు. కొమ్మ ఉండిన చోటుకు వచ్చారు. ఒక్కడు కూడా మెడ వంచలేదు. పాడె నీళ్ళమీద పడవలాగా పోయింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అది పెంచల్ వాళ్ళమ్మ కోసమా, దోవ కోసమా అని నాగులమ్మ అడిగింది గానీ ఆయన చెప్పలేదు. వల్లకాట్లో కట్టె అగ్గిపుల్లకే అందుకుంది. పొద్దుగూకకముందే అంతా అయిపోయింది. ఎవరూ నవ్వలేదు.

పదకొండో రోజు దాటాక మళ్ళీ సంజీవరావు, వెంకయ్య, ఆ నలుగురు ఒకరి వెనక ఒకరు వచ్చారు. సంజీవరావు చేతికర్ర ఊతంతో అందరికన్నా చివర వచ్చాడు గనక, ఈసారి మిగతావాళ్ళు ఆగవలసి వచ్చింది.

"మొద్దు పెట్టలేదు గదా సార్" అన్నాడు ముత్యాలయ్య వాళ్ళు నోరు తెరవకముందే. "మీరే చూడండి. షెడ్డులో ఇటుకలే ఉండాయి."

"పెట్టలా" అన్నాడు సంజీవరావు. "పెట్టాలని అనుకున్నావు గదా."

"మీరే గదా రాసిచ్చింది!"

"అదే నేను చేసిన పొరపాటు. ఆ కాగితం ఇట్టియ్యి." కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ముత్యాలూ, ఇకమీదట నువ్వు అది పెట్టేదే కాదు, పెట్టాలని అనుకోను కూడా కూడదు."

"మరి కట్టెలు కొట్టేది?"

"కొట్టుకో. ఎవురు వద్దన్నారు."

"దేనికని కొట్టాల?"

ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పొయ్యికి అని కొట్టు" అన్నాడు వెంకయ్య.

"మాకు గ్యాసు ఉండాది" అంది నాగులమ్మ లోపలినుంచి.

అందరూ టీ తాగి వెళ్ళిపోయారు.

ముత్యాలయ్య మళ్ళీ మొదలుపెట్టాడు. చేతిరంపంతోనే. షెడ్డులో ఇటుకల మీద ఒక వరస లేచింది. పొయ్యికట్టెలు, ఆరడుగుల పొడుగువి. జానెడు ఎక్కువే ఉన్నాయి. అటుగా వచ్చినవాళ్ళు అడిగితే పొయ్యికని చెబుతాడు. వాళ్ళూ నమ్మినట్టు తలూపి పోతారు.

జీడిమామిడి మలుపు పక్కన దించిన మొద్దు అక్కడే ఉంది. దాన్ని ఎత్తితే ఏదో అనుకుంటున్నాడని ఊరు అనుకుంటుంది. ఒకవైపు పుట్టగొడుగు మొలిచింది. ఊపిరి ఆడనప్పుడు ముత్యాలయ్య దాని మీద కూర్చుంటాడు. దరియావలి ఇంట్లో పాత మొద్దు మీద కత్తి పడుతూనే ఉంది, గుంట లోతవుతూనే ఉంది. రోడ్డు మీద కనబడినప్పుడల్లా జమాల్‌బీ ఆపి అడుగుతుంది.

"అన్నా, మొద్దు తెస్తానంటివే. పండగ దగ్గరికొస్తుండాది."

"తెస్తా చెల్లీ. రేపు పొద్దున్నే."

రేపు పొద్దున్నే లేస్తాడు, టీ తాగుతాడు, మాత్ర వేసుకుంటాడు, తువ్వాలు నెత్తికి చుట్టుకుని మలుపు దాకా పోతాడు. మొద్దు మీద చెయ్యి వేస్తాడు. ఎవరన్నా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తాడు. అంతలో దోవ నడిమధ్య, నిన్న లేని చోట, రెండాకుల తుమ్మమొలక కనబడుతుంది. మొద్దు మీది చెయ్యి తీసి, దాని దగ్గరికి వంగుతాడు.